'ఫాల్ బ్యాక్ ఇన్‌టు' అంటే ఏంటి? మానేసిన మందు మళ్లీ మొదలైతే ఇంగ్లిష్‌లో ఇలా అంటారు!

నెల రోజులు మందు ముట్టలేదు. దసరా దావత్‌లో ఒక్క పెగ్గు.. కథ మళ్లీ మొదటికొచ్చింది. మేడ్చల్, శామీర్‌పేట వైపైతే 'మళ్ల షురూ చేసిండు' అంటారు. ఇంగ్లిష్‌లో 'హీ ఫెల్ బ్యాక్ ఇన్‌టు డ్రింకింగ్'.

వదిలేసిన అలవాటులోకి, పాత కష్టంలోకి తిరిగి జారిపోవడమే 'ఫాల్ బ్యాక్ ఇన్‌టు'. అప్పు తీర్చి మళ్లీ అప్పుల్లో పడ్డా 'ఫెల్ బ్యాక్ ఇన్‌టు డెట్' అనొచ్చు. అయితే చివర్లో 'ఇన్‌టు' బదులు 'ఆన్' పెడితే అర్థమే మారిపోతుంది. 'వియ్ ఫెల్ బ్యాక్ ఆన్ అవర్ సేవింగ్స్' అంటే దాచుకున్న డబ్బులే ఆపదలో ఆదుకున్నాయని.

ఫ్రెండ్స్ మధ్య మాటల్లో 'ఫెల్ ఆఫ్ ద వ్యాగన్' అని కూడా వినిపిస్తుంది. వ్యాగన్ అంటే అమెరికాలో దుమ్ము లేవకుండా రోడ్లపై నీళ్లు చల్లిన బండి. మందు మానేసినవాళ్లు ఆ నీళ్ల బండి ఎక్కినట్టు, మళ్లీ తాగితే కింద పడ్డట్టు!

ఇదే విషయాన్ని డాక్టర్లు 'రీలాప్స్' అని రాస్తారు. తెలుగులో దీనికి చక్కటి మాట ఉంది.. తిరగబెట్టడం. కానీ దాన్ని జ్వరానికే వాడతాం. జ్వరం తిరగబెడితే ఎవరూ తిట్టరు, మందు తిరగబెడితే మాత్రం 'బుద్ధి మారలేదు' అంటాం. అమెరికా ప్రభుత్వ సంస్థ నైడా లెక్కల ప్రకారం వ్యసనం తిరగబెట్టేది 40 నుంచి 60 శాతం మందిలో. బీపీ, ఆస్తమాల్లోనూ దాదాపు ఇంతే.

కల్తీ కల్లు విషయంలో ఇది ఇంకా ప్రమాదం. అందులో ఆల్ప్రాజోలం, డైజిపాం లాంటి మత్తుమందులు కలుపుతుంటారు. ఒక్కసారిగా ఆపేస్తే వణుకు, నిద్రలేమి, ఫిట్స్ కూడా రావొచ్చు. 2015లో తెలంగాణలో కల్తీ కల్లుపై దాడులు పెరిగినప్పుడు ఇలాంటి లక్షణాలతోనే జనం ఆసుపత్రులకు వెళ్లారు. ఆ బాధ తట్టుకోలేకే చాలామంది మళ్లీ సీసా పడతారు. కొన్నాళ్లు ఆపాక పాత మోతాదే తీసుకుంటే శరీరం తట్టుకోలేదు, ప్రాణం మీదికి వస్తుంది.

అందుకే ఇంట్లో ఎవరికైనా తిరగబెడితే గొడవ తర్వాత, ముందు డాక్టర్. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయంలో వైద్యం దొరుకుతుంది. వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ నంబర్ 14446, మానసిక సమస్యలకు టెలీ మానస్ 14416.