పిల్లల్ని డాన్సు క్లాసులో చేర్పించే ముందు: ఏ నృత్యం, ఏ వయసులో, ఎవరి దగ్గర



బడి తెరిచిన నెల రోజుల్లో ఆఫీసుకి వచ్చి చాలామంది అడిగే మాట ఒకటుంది. "సార్, పాపని డాన్సులో వేద్దామనుకుంటున్నాం. కూచిపూడి మంచిదా, భరతనాట్యమా, టీవీలో వచ్చే వెస్టర్న్ మంచిదా?" నిలబడి రెండు నిమిషాల్లో చెప్పే సంగతి కాదు కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నాను. పిల్లలూ, మీరు కూడా చదవండి. మీ లెక్కల మాస్టారికి నచ్చే విషయం ఒకటి మధ్యలో వస్తుంది.

ముందు ఒక మాట. పోతనాళ లాంటి ఊళ్లో ఏ నృత్యం అనేదానికంటే ముందు తేల్చుకోవాల్సినవి వేరే ఉన్నాయి. నేర్పేది ఎవరు, వారానికి ఎన్ని రోజులు, పిల్ల వెళ్లి రావడం ఎలా. అటు మాన్వికో ఇటు సింధనూరుకో బస్సులో పోయి రావడానికే సాయంత్రం అంతా అయిపోతే ఇక హోంవర్కు ఎప్పుడు, నిద్ర ఎప్పుడు? వారానికి రెండు క్లాసులు, ఇంట్లో రోజూ అరగంట సాధన, ఇది ఏడాది పొడుగునా సాగుతుందనుకుంటేనే మొదలుపెట్టండి. మూడు నెలలు వెళ్లి మానేస్తే ఫీజు డబ్బులు పోవడం అటుంచండి, "నాకు రాదు" అన్న అభిప్రాయం పిల్ల మనసులో ఉండిపోతుంది.

కూచిపూడి

సంగీత నాటక అకాడమీ గుర్తించిన శాస్త్రీయ నృత్యాలు 8 ఉన్నాయి. వాటిలో మన భాషలో పుట్టింది కూచిపూడి. కృష్ణా జిల్లా మొవ్వ దగ్గరి ఊరి పేరే నృత్యానికి వచ్చింది. మన క్యాంపుల్లో చాలా కుటుంబాల పెద్దలు తుంగభద్ర ఎడమ కాలువ నీళ్లు చూసుకుని కోస్తా జిల్లాల నుంచి వచ్చి స్థిరపడినవాళ్లే కదా. ఇంట్లో తాతయ్యనో అమ్మమ్మనో అడిగి చూడండి, తెల్లవార్లూ భాగవతుల ఆట చూసిన కబుర్లు దొరకొచ్చు.

ఇప్పుడు స్టేజి మీద ఒక్క అమ్మాయే కూచిపూడి చేయడం చూస్తున్నాం. మొదట్లో అది మేళంగా ఊరూరా తిరిగి ఆడిన నాటకం. ఆడేవాళ్లంతా మగవాళ్లే, ఆడవేషాలు కూడా వాళ్లే కట్టేవారు. సిద్ధేంద్ర యోగి రాశాడని చెప్పే భామాకలాపంలో సత్యభామ వేషం ఆ ఊరి భాగవతుల ఇళ్లలో పుట్టిన ప్రతి మగపిల్లవాడూ జీవితంలో ఒక్కసారైనా కట్టాలన్నది అక్కడి ఆచారం. సత్యభామ వేషానికి పేరు పొందిన వేదాంతం సత్యనారాయణ శర్మ గారికి 1970లో పద్మశ్రీ వచ్చింది. "డాన్సు ఆడపిల్లల పని" అని కొడుకుని వెనక్కి లాగే నాన్నలు ఈ పేరా ఇంకోసారి చదవాలని మనవి.

ఆడపిల్లలకు ఈ విద్య నేర్పడం ఇరవయ్యో శతాబ్దంలో వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి గారి వంటి గురువుల వల్ల మొదలైంది. తర్వాత వెంపటి చినసత్యం గారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి పాఠాలను ఒక క్రమంలో పెట్టారు. ఇవాళ కూచిపూడి నేర్పే టీచర్లలో చాలామంది శిక్షణ ఏదో ఒక దారిలో ఆ అకాడమీకి చేరుతుంది.

మన విజయనగర రాజులకూ దీనికీ సంబంధం ఉంది. సిద్ధవటం సీమలో సంబెట గురవరాజు ప్రజల్ని పీడిస్తుంటే, కూచిపూడి భాగవతులు ఆ అన్యాయాన్ని వీరనరసింహరాయల ఎదుట వేషాలు కట్టి ఆడి చూపించారని మాచుపల్లి కైఫీయత్తు చెబుతుంది. అర్జీ పెట్టుకోవడానికి అదొక పద్ధతి అన్నమాట!

కూచిపూడిలో పాత్ర మాట్లాడుతుంది, పాడుతుంది. దీన్ని వాచికాభినయం అంటారు. మాట అర్థమైతేనే ముఖంలో భావం పలుకుతుంది. బెంగళూరులోనో అమెరికాలోనో నేర్చుకునే పిల్లలకు పాటలో ప్రతి ముక్కకీ అర్థం రాసిచ్చి బట్టీ పట్టించాల్సి వస్తుంది. మన బడిలో తెలుగు చదువుకున్న పిల్లకి ఆ కష్టం సగం తప్పుతుంది. సత్యభామ ఎందుకు అలిగిందో, ఆ అలకలో గర్వమెంతో ప్రేమెంతో చెప్పకుండానే తెలుస్తుంది. "కర్ణాటకలో ఉంటూ తెలుగు మీడియం దేనికి?" అని అడిగేవాళ్లకు నేను చెప్పే జవాబుల్లో ఇదొకటి. కాబట్టి రెండూ సమానంగా నేర్పే గురువులు అందుబాటులో ఉంటే నా ఓటు కూచిపూడికే.

తరంగం గురించి పిల్లలు తప్పక అడుగుతారు. ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి తాళానికి తగ్గట్టు కదులుతూ చేసేది అదే. నారాయణ తీర్థుల కృష్ణలీలా తరంగిణి నుంచి ఆ పేరు వచ్చింది. అడుగులు బాగా స్థిరపడ్డాక, ఏళ్ల సాధన తర్వాత నేర్పుతారు. ఇంట్లో అన్నం తినే పళ్లెం మీద ప్రయత్నించకండి. పళ్లెం పోతుంది, చీలమండ కూడా బెణుకుతుంది.

భరతనాట్యం

కర్ణాటకలో టీచర్లు ఎక్కువగా దొరికేది దీనికే. రుక్మిణీదేవి అరండేల్ 1936లో మద్రాసులో కళాక్షేత్రం స్థాపించాక ఇది దేశమంతా బడి పాఠంలా వ్యాపించింది. మొదట నేర్పేవి అడవులు. చెట్లున్న అడవులు కావు, కాలూ చెయ్యీ కలిపి చేసే మూల అడుగులను అలా అంటారు. రెండు మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చున్నట్టుండే అరమండిలో వీటిని చేయాలి. తర్వాత అలరింపు, జతిస్వరం, శబ్దం, వర్ణం, పదం, తిల్లాన అనే వరుసలో సాగుతుంది.

ఇది తమిళుల నృత్యం, మనకెందుకు అనుకోనక్కర్లేదు. భరతనాట్యంలో అభినయానికి వాడే క్షేత్రయ్య పదాలు తెలుగువి, వర్ణాలు, జావళీలు కూడా చాలావరకు తెలుగులోనే ఉన్నాయి. మదనపల్లెలో పుట్టిన యామినీ కృష్ణమూర్తి గారు కళాక్షేత్రంలో చదివి భరతనాట్యం, కూచిపూడి రెండింటిలోనూ పేరు తెచ్చుకున్నారు. అయితే ఆమె స్థాయి వేరు. పదేళ్ల పిల్లని ఒకేసారి రెండింటిలో వేయకండి. ఒకే అడుగుకి ఇద్దరు టీచర్లు రెండు రకాల దిద్దుబాట్లు చెబితే పిల్ల తికమకపడుతుంది.

లెక్కల విషయం అన్నాను కదా. ఆది తాళంలో 8 అక్షరాలు. ఖండ జాతి నడక 5. పిల్ల 5 లెక్కతో అడుగులు వేస్తుంటే, పక్కన టీచరు 8 లెక్కతో తాళం వేస్తుంటే, ఇద్దరూ మళ్లీ ఒకే చోట కలిసేది 40వ లెక్క దగ్గర. ఇది మీరు ఐదో తరగతిలో చేసిన కసాగు. మిశ్రం 7 తీసుకుంటే ఎక్కడ కలుస్తారో చేసి చూడండి. మొదటి కాలం, రెండో కాలం, మూడో కాలం అంటే వేగం రెట్టింపు, మళ్లీ రెట్టింపు. లెక్కలంటే భయపడే పిల్లలు కొందరు ఈ దారిలో తేరుకోవచ్చని నా నమ్మకం.

మిగతావి

కథక్ ఉత్తరాది నృత్యం. పాదాల లయ, చక్రాల్లా తిరగడం అందులో ముఖ్యం. పేరిణి అనేది కాకతీయుల కాలంనాటి వీర నృత్యం. గణపతిదేవుడి సేనాని జాయప రాసిన నృత్త రత్నావళి, రామప్ప గుడి శిల్పాలు ఆధారంగా నటరాజ రామకృష్ణ గారు దానికి మళ్లీ ప్రాణం పోశారు. ఆ గుడిని 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. మన చుట్టుపక్కల పేరిణి నేర్పేవాళ్లు దొరకడం కష్టం.

జానపదం మాత్రం చేతికందేంత దూరంలో ఉంది. కోలాటం, చెక్కభజన తెలిసిన పెద్దలు క్యాంపుల్లో ఉన్నారు, తాండాల్లో లంబాడీ నృత్యం ఉంది. కన్నడ నేల మీది డొళ్లు కుణిత, వీరగాసె ఉన్నాయి. వీరగాసె చూసి మన వీరనాట్యాన్ని తలుచుకోండి, రెండింటిలోనూ వీరభద్రుడే. ఫీజు లేకుండా, ఖరీదైన డ్రెస్సు లేకుండా, పాతిక మంది పిల్లలు ఒకేసారి నేర్చుకునే వీలు జానపదంలోనే ఉంది. శాస్త్రీయానికి గురువు దొరకని కుటుంబాలు కోలాటంతో మొదలుపెట్టండి. తాళం చెవికి పడుతుంది, అది రేపు ఎక్కడికి వెళ్లినా పనికొస్తుంది.

వెస్టర్న్ అంటే మా తరంవాళ్లు ముఖం చిట్లిస్తారు. నేనలా అనను. హిప్‌హాప్ 1973 ప్రాంతంలో న్యూయార్క్ బ్రాంక్స్ పేటల్లో పేద పిల్లల మధ్య పుట్టింది, అందులోని బ్రేకింగ్ 2024 పారిస్ ఒలింపిక్స్ దాకా వెళ్లింది. మైసూరులో పుట్టిన ప్రభుదేవా గారు భరతనాట్యం నేర్చుకున్నవారే. నాకు అభ్యంతరం ఒక్కటే. అడుగులు నేర్పకుండా వార్షికోత్సవానికి వారం ముందు ఒక సినిమా పాట బట్టీ పట్టించి దాన్ని డాన్సు క్లాసు అంటే ఒప్పుకోను. పెద్దవాళ్ల హావభావాలున్న పాటలు చిన్నపిల్లల చేత చేయించడం కూడా బాగుండదు.

వయసు, ఒళ్లు

ఆరేడేళ్లకు మొదలుపెడితే చాలు. నాలుగేళ్ల పిల్లని తాళానికి గంతులు వేయనివ్వండి, అరమండి మాత్రం వద్దు. పాశ్చాత్య దేశాల్లో బ్యాలే నేర్పేవాళ్లు కూడా కాలి వేళ్ల కొసల మీద నిలబడే బూట్లను పదకొండు పన్నెండేళ్ల లోపు పిల్లలకు సాధారణంగా ఇవ్వరు. ఎముక గట్టిపడాలి కదా.

పన్నెండు పదమూడేళ్లకు మొదలుపెడితే ఆలస్యమా? కాదు. ఒళ్లు వంగడానికి కొంచెం సమయం పడుతుంది, అభినయం మాత్రం ఇంకా త్వరగా వస్తుంది.

వట్టి సిమెంటు నేల మీద రోజూ గట్టిగా పాదం కొడితే మోకాళ్లు నొస్తాయి. మట్టి నేలో, చెక్క నేలో మేలు. లేకపోతే జారని మందపాటి చాప అడుగున వేయాలి. క్లాసుకి ముందు పది నిమిషాలు ఒళ్లు వేడెక్కించాలి. తిన్న గంటన్నర వరకు వద్దు. మన రాయచూరు ఎండల సంగతి చెప్పనక్కర్లేదు, ఏప్రిల్, మే నెలల్లో సాధన పొద్దున్నే ముగించాలి. నొప్పి రెండు వారాలు దాటినా తగ్గకపోతే డాక్టరుకి చూపించండి, "సాధనతో అదే పోతుంది" అనే మాట నమ్మకండి.

గురువును చూసుకోవడం

చేర్చే ముందు ఒక క్లాసు మొత్తం కూర్చుని చూడండి. వద్దనే చోట చేర్పించకండి. ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఎన్నేళ్లు నేర్చుకున్నారు అని మర్యాదగా అడగండి, మంచి గురువులు సంతోషంగా చెబుతారు. తాళం తప్పిన పిల్లని కర్రతో కొట్టడం, లావుగా ఉన్నావని అందరిలో అనడం క్రమశిక్షణ అనిపించుకోదు. చెయ్యో భుజమో సరిచేయడానికి టీచరు తాకాల్సి వస్తుంది. అది అందరికీ కనబడేలా, తలుపు తీసి ఉన్న చోట జరగాలి. పిల్లకి ఇబ్బంది అనిపిస్తే చెప్పాలని ముందే ఇంట్లో చెప్పి పంపండి.

ఫోన్‌లో వీడియో చూసి నేర్చుకోవచ్చా అంటే, క్లాసులో నేర్చుకున్నది గుర్తు చేసుకోవడానికి పనికొస్తుంది. మొదటి నుంచి దానితోనే నేర్చుకుంటే తప్పు దిద్దేవాళ్లుండరు, ఎదురుగా ఉన్న మనిషిని చూసి కుడి ఎడమలు తారుమారవుతాయి. చూసి గుర్తు చేసుకోవడం కొత్తదేమీ కాదు లెండి. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు పేస్, అక్కడ నాట్యం నేర్పే శాలలో పలకల మీద నర్తకుల బొమ్మలు చెక్కి ఉన్నాయని రాశాడు. ఆట చివర నిలబడాల్సిన భంగిమ మరిచిపోతే ఆ పలక చూసి గుర్తు తెచ్చుకునేవారట. సింధనూరు, గంగావతి మీదుగా హంపీ వెళ్లినప్పుడు మహానవమి దిబ్బ గోడల మీది నాట్య శిల్పాల దగ్గర కాసేపు ఆగి పిల్లల్ని చూడనివ్వండి.

ఎనిమిదో తరగతిలో మాన్పించకండి

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇది. అయిదారేళ్లు నేర్చుకున్న అమ్మాయిని పెద్దమనిషి అయ్యిందనో, హైస్కూలుకి వచ్చిందనో మాన్పించేస్తారు. అడుగులు అయిపోయి అభినయం మొదలయ్యే వయసు అదే. అంటే అక్షరాలు, గుణింతాలు నేర్పించి పుస్తకం చేతికివ్వకుండా ఆపేసినట్టు. నెలసరి రోజుల్లో చేయాలా వద్దా అనేది పిల్ల ఒంట్లో ఓపికను బట్టి, ఆమే చెప్పాలి. ఆ మూడు రోజుల కోసం మొత్తానికే మాన్పించడం అన్యాయం. పదో తరగతి పరీక్షలంటారా, జనవరి నుంచి వారానికి ఒక్క క్లాసు చేసుకోండి, పరీక్షలయ్యాక మళ్లీ రెండు. చీకటి పడ్డాక ఒంటరిగా రావడం గురించి భయమైతే, నలుగురు తల్లిదండ్రులు కలిసి ఆటో మాట్లాడుకోండి, లేదా క్లాసు ఆదివారం పొద్దున పెట్టమని అడగండి.

మగపిల్లల్లో మానేసేవాళ్లు తోటివాళ్ల ఎగతాళి వల్ల మానేస్తారు. మన బడి ఆవరణలో అలాంటి ఎగతాళి వినబడితే వెంటనే తరగతి ఉపాధ్యాయులకు చెప్పండి.

ఇంకో వైపు, రంగప్రవేశం కోసం అప్పులు చేసేవాళ్లూ ఉన్నారు. నగలు, పట్టు దుస్తులు, వాద్యబృందం, హాలు, భోజనాలు అన్నీ కలిసి ఒక చిన్న పెళ్లి ఖర్చవుతుంది. అది లేకపోతే నాట్యం రాదని ఏ శాస్త్రంలోనూ లేదు. గుడిలో, బడిలో దొరికిన చోట చేయనివ్వండి.

పరీక్షలు, పోటీలు, స్కాలర్‌షిప్

కర్ణాటకలో నృత్యానికి జూనియర్, సీనియర్, విద్వత్ అనే మెట్లుగా పరీక్షలున్నాయి. చేయడంతో పాటు సిద్ధాంతం కూడా రాయాలి. అభినయ దర్పణంలోని 28 అసంయుత హస్తాల పేర్లు పిల్లకి చెబుతూ ఉండే టీచరు అయితే ఈ పరీక్షకి ఇబ్బంది ఉండదు. ఆంధ్రలో, తెలంగాణలో కూచిపూడికి తెలుగు విశ్వవిద్యాలయం కోర్సులున్నాయి. కూచిపూడి ఊళ్లోనే సిద్ధేంద్ర యోగి కళాపీఠం ఉంది.

ప్రతిభా కారంజి పోటీలు క్లస్టర్ స్థాయి నుంచి పైకి సాగుతాయి. హైస్కూలు పిల్లలకు కేంద్రం 2015లో మొదలుపెట్టిన కళా ఉత్సవ్ ఉంది. సాంప్రదాయ కళలు నేర్చుకునే 10 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఢిల్లీలోని సీసీఆర్‌టీ సంస్థ ప్రతిభా స్కాలర్‌షిప్ ఇస్తుంది. దీనికి గురువు గారి ధ్రువపత్రం, పుట్టిన తేదీ రుజువు సిద్ధంగా ఉంచుకోండి. బడి నుంచి కావలసిన స్టడీ సర్టిఫికెట్ కోసం పని దినాల్లో ఆఫీసులో రాసి ఇవ్వండి. కారంజికి పేర్లు ఇచ్చేటప్పుడు ఏ నృత్యమో, ఎన్ని నెలలుగా నేర్చుకుంటున్నారో కూడా తరగతి ఉపాధ్యాయులకు చెప్పండి.