సింగిల్ షాట్ వేట రైఫిల్: గురి కుదిరిన చరిత్ర

సింగిల్ షాట్ రైఫిల్‌కు మ్యాగజైన్ ఉండదు. పేల్చిన ప్రతిసారీ కొత్త తూటాను చేత్తో పెట్టుకోవాలి. ఈ తుపాకీల చరిత్రలో పేరంతా వెనుక మూతను తెరిచి మూసే యంత్రాంగాలకు దక్కింది గాని, గురి ఎక్కువగా కుదిరింది గొట్టం, సీసపు గుండు, చెక్క దగ్గరే.

19వ శతాబ్దం మధ్యలో బ్రిటిష్ సైన్యం వాడిన ఎన్‌ఫీల్డ్ రైఫిల్ గొట్టంలో గాడులు 78 అంగుళాలకు ఒక చుట్టు తిరిగేవి. ఇంజనీరు జోసెఫ్ విట్‌వర్త్ గొట్టం లోపలి భాగాన్ని షట్కోణంగా మలిచి, 20 అంగుళాలకే ఒక చుట్టు వచ్చేలా చేశాడు. సన్నగా పొడవుగా ఉండే గుండు గాలిలో తూలకుండా సాగాలంటే అంత జోరుగా తిరగాలి. 1857 నాటి పరీక్షల్లో ఈ రైఫిల్ ఎన్‌ఫీల్డ్‌ను చిత్తుగా ఓడించింది. అయినా ధర ఎక్కువని, మసి త్వరగా పేరుకుంటుందని సైన్యం వద్దనుకుంది.

గొట్టం మూతి నుంచి కాకుండా వెనుక నుంచి నింపే పద్ధతికి అమెరికాలో షార్ప్స్, రెమింగ్టన్ రైఫిళ్లు పేరు తెచ్చాయి. 1874 సెప్టెంబరు 26న న్యూయార్క్ దగ్గరి క్రీడ్‌మూర్‌లో వీటితో దిగిన అమెరికన్ జట్టు, మూతి నుంచి నింపే రిగ్బీ రైఫిళ్లతో వచ్చిన ఐరిష్ జట్టును 934–931తో ఓడించింది. కొత్త పద్ధతి గెలిచిందని చాలామంది రాశారు. కానీ ఐరిష్ ఆటగాడొకరు పొరపాటున పక్క లక్ష్యాన్ని కొట్టాడు. ఆ గుండు సరైన చోట తగిలి ఉంటే నాలుగు పాయింట్లు వచ్చేవి. మూడు పాయింట్ల తేడాను పట్టుకుని యంత్రాల మీద తీర్పు చెప్పలేం.

పాత పద్ధతిని పూర్తిగా వదలని నిపుణుడు హ్యారీ పోప్. ఆయన రైఫిల్‌లో మందు నింపిన ఇత్తడి తొడుగు వెనుక నుంచి వెళ్లేది, గుండు మాత్రం మూతి నుంచి దిగేది. వెనుక నుంచి నెడితే గాడులు సీసాన్ని గీరి గుండు అడుగున అంచులు లేపుతాయి. మూతి నుంచి దింపితే అడుగు నున్నగా మిగులుతుంది. మూతి దెబ్బతినకుండా, గుండు వంకర పోకుండా, దింపేటప్పుడు గొట్టానికి విడిగా మరో మూతి తగిలించేవాడు. 1906లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆయన పెట్టిన దుకాణం భూకంపంలో పోయింది. తర్వాత జెర్సీ సిటీలో స్థిరపడ్డాడు. గుండు అడుగులో ఏ కాస్త లోపమున్నా గురి చెదురుతుందని ఫ్రాంక్లిన్ మాన్ ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి తేల్చి, 1909లో వాటిని పుస్తకంగా తెచ్చాడు.

స్కాట్లండ్‌కు చెందిన జాన్ ఫార్కర్సన్ 1872లో పేటెంటు పొందిన యంత్రాంగం వేట రైఫిళ్లలో మన్నన పొందింది. దాని స్ఫూర్తితో 1967లో రూగర్ నంబర్ 1 వచ్చింది. ఇందులో చెక్క రెండు ముక్కలు. ముందు ముక్కను గొట్టం కింద ముందుకు చాచిన ఉక్కు కడ్డీకి మరతో బిగిస్తారు. తేమకు చెక్క ఉబ్బినా, వేడికి గొట్టం సాగినా వాటి మధ్య ఒత్తిడి మారి గుండు పడే చోటు జరుగుతుంది. తుపాకీ పనివాళ్లు దీనికి రెండు దారులు పట్టారు. కొందరు చెక్క గొట్టానికి తగలకుండా సందు వదిలారు. మరికొందరు కడ్డీ కొసన చిన్న మర అమర్చి, గొట్టం మీద పడే ఒత్తిడిని తమ అదుపులో ఉంచుకున్నారు. ఏది మేలన్నది రైఫిల్‌ను బట్టి మారుతుంది. పోటీలో లెక్క మొత్తం గుండ్లది. వేటలో మాత్రం చల్లని గొట్టంలోంచి వెళ్లే మొదటి గుండు ప్రతిసారీ అదే చోట పడుతోందా అన్నదే చూస్తారు.