నిరుద్యోగికి బృంద శిక్షణ: ఆత్మవిశ్వాసం పెరుగుతుందా?

పని పోయినవారికి జీతంతోపాటు తమ మీద తమకున్న నమ్మకమూ సన్నగిల్లుతుంది. నాలుగు చోట్ల కాదనిపించుకున్నాక ఐదో దరఖాస్తు పెట్టడానికి మనసొప్పదు. ఆ నమ్మకాన్ని బృంద శిక్షణతో నిలబెట్టవచ్చా? అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ‘జాబ్స్’ అనే కార్యక్రమంతో ఈ ప్రశ్నను పరీక్షించారు.

కాప్లాన్, వినోకుర్, ప్రైస్, వాన్ రిన్ 1989లో ప్రచురించిన తొలి అధ్యయనంలో, కొత్తగా ఉపాధి కోల్పోయిన 928 మంది ఉన్నారు. లాటరీ తీసినట్టు విడగొట్టి కొందరికి రెండు వారాల్లో ఎనిమిది తరగతులు పెట్టారు. మిగతావారికి ఉద్యోగ వేటపై చిన్న పుస్తకం ఇచ్చారు. తరగతుల్లో ఉపన్యాసాలు తక్కువ, అభ్యాసం ఎక్కువ. శిక్షకులు అభ్యర్థి పాత్రను కావాలనే తప్పుగా నటిస్తే, ఎక్కడ తడబడ్డారో సభ్యులే చెప్పి సరిదిద్దుతారు. ఆపై తామే చేసి చూస్తారు. ‘ఖాళీ లేదు’ అన్న జవాబు వస్తే తర్వాత ఏం చేయాలో ముందుగానే కలిసి ఆలోచించుకుంటారు.

నాలుగు నెలల తర్వాత చూస్తే, శిక్షణ పొందినవారికి మెరుగైన ఉద్యోగాలు దొరికాయి. ఇంకా దొరకనివారిలోనూ వెతకాలన్న పట్టుదల నిలిచింది. 1995లో వెలువడిన రెండో అధ్యయనం 1801 మందిపై జరిగింది. అందులో కుంగుబాటు ముప్పు ఎక్కువగా ఉన్నవారికే ఎక్కువ మేలు కనిపించింది. 1993లో ఇజ్రాయెల్‌ నుంచి ఈడెన్, అవిరామ్ ఇలాంటి శిక్షణపైనే ప్రచురించిన అధ్యయనంలోనూ మొదట ఆత్మవిశ్వాసం తక్కువగా ఉన్నవారే ఎక్కువ లాభపడ్డారు. 2014లో లియు, హువాంగ్, వాంగ్ 47 అధ్యయనాలను కలిపి విశ్లేషించారు. నైపుణ్యాన్నీ ఉత్సాహాన్నీ రెంటినీ పెంచే కార్యక్రమాలే బాగా ఫలించాయని తేల్చారు.

అయితే హద్దులున్నాయి. రెండో అధ్యయనంలో శిక్షణకు ఎంపికైనవారిలో దాదాపు సగం మంది తరగతులకే రాలేదు. 2013లో క్రెపాన్ బృందం ఫ్రాన్స్‌లో ఉద్యోగ వేటకు సాయపడే మరో తరహా కార్యక్రమాన్ని పరిశీలించింది. సాయం అందినవారికి కలిగిన లాభంలో కొంత, అందనివారి అవకాశాలను తగ్గించి వచ్చిందని గుర్తించింది. పైగా మిషిగన్ ఫలితాలు కొత్తగా పని పోయినవారివి. ఏళ్ల తరబడి ప్రభుత్వ కొలువుల గ్రూప్స్‌ పరీక్షలకు సిద్ధమవుతున్న మన యువతకు అవి అలాగే వర్తిస్తాయని చెప్పలేం. ఇక్కడ విడిగా పరీక్షించాలి.

ఇప్పటికున్న ఆధారాలు చెప్పేది ఇంతే: చేసి నేర్చుకున్న ధైర్యం నిలబడుతుంది, బాగా కుంగినవారికి అది మరింత అక్కరకొస్తుంది. కాబట్టి శిక్షణలో మొదటి చోటు వారికే దక్కాలి. కానీ ధైర్యం కొలువులను సృష్టించలేదు. శిక్షణ ఇచ్చి చేతులు దులుపుకొని, ఉద్యోగం రాకపోతే తప్పంతా అభ్యర్థిదేననడం అన్యాయం.