"యు" అంటే నువ్వా, మీరా?

ఇంగ్లీషులో "యు" అంటే నువ్వా, మీరా? ఇంట్లో బడికెళ్ళే పిల్లలుంటే ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు వచ్చి తీరుతుంది. "రెండూను" అని చెప్పేసి మన పనిలో మనం పడిపోతాం. అది సగం జవాబే. చరిత్ర చూసినా, వ్యాకరణం చూసినా "యు" అంటే అసలు "మీరు".

నమ్మకం కుదరకపోతే పిల్లల గ్రామర్ పుస్తకం ఒకసారి తీసి చూడండి. ఐ యామ్, హీ ఈజ్, షీ ఈజ్. ఇవి ఒక్కరికి. వుయ్ ఆర్, దే ఆర్. ఇవి పలువురికి. మరి ఎదురుగా ఉన్నది ఒక్క మనిషే అయినా "యు ఆర్" అనే అంటాం కదా. "యు ఈజ్" అనం. ఎందుకమ్మా అని పిల్లలు అడిగితే అది రూలు అంటాం. ఆ "ఆర్" బహువచనం క్రియ. అమ్మమ్మ ఒక్కరే వచ్చినా "అమ్మమ్మగారు వచ్చారు" అంటామే, అలాంటిదన్నమాట. మనం రోజూ వాడే ఆ చిన్న వాక్యంలో ఒక పాత మర్యాద దాగి ఉంది.

వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో మన లాగే రెండు మాటలూ ఉండేవి. ఒక్కరిని పిలవడానికి "దౌ", పలువురిని పిలవడానికి "యీ". సరిగ్గా ఇద్దరినే పిలవాలంటే దానికి ఇంకో మాట కూడా ఉండేది. "నిన్ను" అనడానికి "దీ", "మిమ్మల్ని" అనడానికి "యు". అంటే ఇవాళ మనం వాడే "యు" మొదట్లో "మీరు" కూడా కాదు, "మిమ్మల్ని". 1611లో అచ్చయిన ఇంగ్లీషు బైబిలులో ఈ నాలుగు మాటలూ వేటి చోట్లో అవి కనిపిస్తాయి.

మరి ఒక్క మనిషిని "మీరు" అనడం ఎక్కడినుంచి వచ్చింది? 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలుచుకున్నాక రాజుగారి కొలువులో ఫ్రెంచి భాష పెత్తనం మొదలైంది. ఫ్రెంచిలో పెద్దవాళ్ళు ఒక్కరే అయినా బహువచనంలో పిలవడం మర్యాద. పదమూడో శతాబ్దం నుంచి ఆ పద్ధతి ఇంగ్లీషులోకీ పాకింది. యజమాని పనివాణ్ణి "దౌ" అంటాడు, పనివాడు యజమానిని "యు" అంటాడు. తండ్రి కొడుకుని "దౌ" అంటాడు, కొడుకు తండ్రిని "యు" అంటాడు. వింటుంటే మన ఇళ్ళే గుర్తొస్తాయి కదూ!

మాట తప్పితే గొడవలు కూడా మన ఇళ్ళలో లాగే ఉండేవి. షేక్‌స్పియర్ నాటకం "ట్వెల్ఫ్త్ నైట్"లో ఒకాయన తన స్నేహితుడికి ఎదుటివాడిని రెచ్చగొట్టే ఉత్తరం ఎలా రాయాలో నేర్పుతూ, ఓ మూడుసార్లు "దౌ" అని రాస్తే బాగుంటుందంటాడు. 1603లో సర్ వాల్టర్ రాలీ మీద రాజద్రోహం విచారణ జరిగినప్పుడు, ప్రభుత్వం తరఫున వాదించిన ఎడ్వర్డ్ కోక్ నిండు సభలో ఆయన్ని "దౌ" అని సంబోధించి అవమానించాడు. వేరే తిట్టు అక్కర్లేదు, "నువ్వు" అంటే చాలు.

ఇంతలో క్వేకర్లు వచ్చారు. జార్జ్ ఫాక్స్ మొదలుపెట్టిన ఈ క్రైస్తవ సంఘం వాళ్ళు దేవుడి ముందు అందరూ సమానమే అనేవారు. ఎవరికీ టోపీ తీసి వంగి దణ్ణం పెట్టరు. ఒక్క మనిషిని బహువచనంలో పిలవడం అబద్ధమాడటమే అని, జడ్జిగారినైనా, జమీందారునైనా "దౌ", "దీ" అనేవారు. 1660లో ఫాక్స్, ఇంకో ఇద్దరూ కలిసి ఎన్నో భాషల్లోంచి ఉదాహరణలు చూపిస్తూ దీనికోసం ఏకంగా ఒక పుస్తకమే వేశారు. ఆ మాట కోసం వాళ్ళు తిట్లూ దెబ్బలూ తిన్నారు.

వాళ్ళలో థామస్ ఎల్‌వుడ్ కథ నన్ను బాగా పట్టేసింది. తర్వాత కాలంలో చూపు పోయిన మహాకవి మిల్టన్‌కి పుస్తకాలు చదివి వినిపించిన మనిషి ఈయనే. ఇరవై ఏళ్ళ వయసులో క్వేకర్లలో కలిశాడు. ఇంటికొచ్చి కన్నతండ్రిని "దౌ" అన్నాడు. తండ్రి కొట్టాడు, మళ్ళీ ఆ మాట వినిపిస్తే పళ్ళు రాలగొడతానన్నాడు. కొడుక్కి అది నమ్మకం, తండ్రికి అది తలవంపులు. ఒక్క చిన్న మాట ఇద్దరి మధ్యా గోడ కట్టేసింది.

చివరికి ఎవరు గెలిచారు? ఇద్దరూ గెలవలేదు. పట్నాలు పెరిగాయి. ఎదుటి మనిషి అంతస్తు ఏమిటో చూడగానే తెలియని రోజులొచ్చాయి. తప్పు మాట అని గొడవ పెట్టుకునే కంటే అందరినీ "యు" అనేస్తే పోలా అనుకున్నారు. అలా "దౌ" మెల్లగా ప్రార్థనల్లోకీ, కవిత్వంలోకీ, యార్క్‌షైర్ లాంటి చోట్ల పల్లె యాసల్లోకీ తప్పుకుంది. క్వేకర్లు అందరినీ "నువ్వు" చేసి సమానం చేయాలనుకుంటే, లోకం అందరినీ "మీరు" చేసి సమానం చేసింది!

పద్దెనిమిదో శతాబ్దంలో కొందరు ఒక్క మనిషితో మాట్లాడేటప్పుడు "యు వజ్" అనేవారు. ఒక్కరే కదా మరి! కానీ తర్వాత లండన్ బిషప్ అయిన రాబర్ట్ లౌత్ 1762లో వేసిన తన వ్యాకరణంలో అది పెద్ద తప్పని రాశారు. "యు వర్" నిలిచిపోయింది. పాత ఏకవచనం బహువచనం తేడా ఇవాళ ఒక్క చోట మిగిలింది. ఒక్కరైతే "యువర్‌సెల్ఫ్", పలువురైతే "యువర్‌సెల్వ్స్". పలువురిని పిలిచే మాట లేని లోటు పూడ్చుకోవడానికే అమెరికా దక్షిణాది వాళ్ళు "యాల్" అనీ, కుర్రకారు "యు గైస్" అనీ అంటుంటారు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా బంధువుల్లో ఒక పెద్దాయనకి అమెరికాలో పుట్టిన మనవడు ఉన్నాడు. వాడు వీడియో కాల్‌లో "తాతా, నువ్వు అన్నం తిన్నావా?" అంటే ఆయన ముఖం చిన్నబోతుంది. ఇంగ్లీషు వల్ల పిల్లలకి మర్యాద పోయిందంటారు. పిల్లాడి వైపు నుంచి చూడండి. వాడికి తెలుగంటే ఇంట్లో తనతో మాట్లాడేదే. తనతో అందరూ "నువ్వు తిన్నావా, నువ్వు పడుకో" అనే అంటారు. విన్నదే తిరిగి అంటున్నాడు. "మీరు" వాడి చెవిన పడేదెక్కడ? నిజానికి వాడి ఇంగ్లీషులో పోయింది "మీరు" కాదు, "నువ్వు". తాతయ్య పోయిందనుకుంటున్న మర్యాదే వాడి ఇంగ్లీషు నిండా ఉంది. ఆయన ఇష్టంగా దాచుకోవాల్సిన ఆ చనువే అందులో లేదు.

క్వేకర్ల కథలో నాకు నచ్చిన మలుపు కూడా ఇదే. అమెరికాలో వాళ్ళ కుటుంబాల్లో ఇరవయ్యో శతాబ్దం దాకా "దీ" అనే మాట బతికింది, కానీ బయటివాళ్ళతో "యు" అంటూ, ఇంట్లో మనుషుల మధ్యే "దీ" అనుకునేవాళ్ళు. సమానత్వం కోసం పట్టుబట్టిన మాట చివరికి ముద్దుమాట అయింది. మనమూ దేవుణ్ణి "నువ్వు" అనే పిలుస్తాం, అది అమర్యాద అని ఎవరూ అనరు కదా!

మా ఇంట్లో నేను మావారిని "మీరు" అంటాను, ఆయన నన్ను "నువ్వు" అంటారు. పెళ్ళైన రోజునుంచీ అలవాటైపోయింది, నాకేం బాధ లేదు. మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం ఇప్పుడు. దానికి మాత్రం ఒకటే చెప్పాను. నువ్వా, మీరా అన్నది మీ ఇద్దరి ఇష్టం, కానీ ఏ మాటైనా అటూ ఇటూ ఒకటే ఉండనివ్వు అని.