మూడో చక్రం

మా మేనత్త ఫోన్ చేసింది. ఆవిడకిప్పుడు ఎనభై దాటాయి. నా చెవిలో హోరు గురించి, కళ్ళు తిరగడం గురించి వివరంగా అడిగింది. ఏ మందులు వాడుతున్నానో కనుక్కుంది. చివర్లో, "పోన్లేవే, ఇప్పటికైనా ఆ సైకిలు మానేశావు, అదే చాలు" అంది. నలభై ఏళ్ళ క్రితం నా చేత మొదటిసారి సైకిలు మాన్పించిన వాళ్ళలో ఆవిడ కూడా ఉంది. ఆ మాటలో వ్యంగ్యం లేదు, ప్రేమే ఉంది. అయినా ఫోన్ పెట్టేశాక చాలాసేపు కోపం ఆపుకోలేకపోయాను. ఇన్నేళ్ళ తగాదాలో చివరికి వాళ్ళే గెలిచినట్టనిపించింది.

మా ఊళ్ళో సైకిలు షాపులో గంట లెక్కన అద్దెకిచ్చేవాళ్ళు. మగపిల్లల సైకిలే, సీటు నాకు అందేది కాదు. కడ్డీ కిందనుంచి కాలు దూర్చి, ఒళ్ళంతా ఒక పక్కకి వంచి తొక్కేదాన్ని. మోకాళ్ళు చెక్కుకుపోయిన గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి. పదమూడో ఏట పెద్దమనిషినయ్యాను. ఆ నెలలోనే సైకిలు ఆగిపోయింది. గర్భసంచి జారిపోతుందని నాయనమ్మ, పిల్లలు పుట్టరని మేనత్త, జనం ఏమనుకుంటారోనని అమ్మ. మూడు కారణాలూ ఒకదానికొకటి సాయం వచ్చాయి. మళ్ళీ సైకిలెక్కింది నలభై ఒకటో ఏట. అప్పటికి పిల్లలు పుట్టి పెరిగి పెద్దవాళ్ళయ్యారు, గర్భసంచి దాని చోటనే ఉంది. పన్నెండేళ్ళపాటు రోజూ తెల్లవారుజామున తొక్కాను. నేను రాసిన వాటిలో సగం ఆ సైకిలు మీదే మనసులో తయారయ్యాయి.

యాభై మూడో ఏట, కాలనీ మలుపులో, ఉన్నట్టుండి రోడ్డు గిర్రున తిరిగింది. పడ్డాను. దెబ్బలు మానాయి కానీ తిరుగుడు మళ్ళీ మళ్ళీ వచ్చింది. వస్తే గంటల తరబడి మంచం అంచు పట్టుకుని ఉండాల్సిందే. వాంతులు, చెవి దిమ్మెక్కడం, హోరు. రెండేళ్ళపాటు నాకు చెప్పిన కారణాలు గ్యాసు, నీరసం, టెన్షన్, "ఈ వయసులో ఆడవాళ్ళకి మామూలే". చివరికి ఒక చెవి డాక్టరు వినికిడి పరీక్షలు చేయించి మెనియేర్ వ్యాధి అన్నారు. లోపలి చెవిలో ఉండే ద్రవం ఎక్కువవడంతో ముడిపడిన జబ్బు. ఉప్పు తగ్గించమన్నారు, అంటే ఆవకాయ పోయింది. ఎప్పుడొస్తుందో తెలియని తిరుగుడు కాబట్టి రోడ్డు మీద సైకిలు వద్దన్నారు.

ప్రాస్పర్ మెనియేర్ ఫ్రెంచి వైద్యుడు. ఈ తిరుగుడు పుట్టేది మెదడులో కాదు, చెవిలో అని 1861లో పారిస్‌లో చెప్పాడు. అంతకు ముందు దీన్ని మెదడులో రక్తం పేరుకుపోవడం అనుకుని రోగుల ఒంట్లోంచి రక్తం తీసేవాళ్ళు. బాధ అబద్ధం కాదు, దానికి చెప్పిన కారణం అబద్ధం. నాకు ఈ సంగతి కొంత ఊరటనిచ్చింది. నన్ను "టెన్షన్" అన్నవాళ్ళు 1861కి ముందే ఆగిపోయారనుకున్నాను.

కానీ ఊరట ఎక్కువసేపు నిలవలేదు. నేను స్త్రీల చరిత్ర చెప్పుకుని బతికేదాన్ని. వైద్యం పేరుతో ఆడవాళ్ళని ఎలా కూర్చోబెట్టారో ఎన్నోసార్లు రాశాను. 1885లో జాన్ కెంప్ స్టార్లీ, రెండు చక్రాలూ దాదాపు ఒకే ఎత్తులో ఉండే రోవర్ సైకిలు తెచ్చాడు. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చింది. ఎత్తైన ముందు చక్రం మీద ఎక్కి కూర్చునే సాహసం అక్కర్లేకపోయేసరికి, 1890లలో ఇంగ్లండులోనూ అమెరికాలోనూ ఆడవాళ్ళు పెద్ద సంఖ్యలో సైకిలెక్కారు. వెంటనే డాక్టర్లు కొందరు రంగంలోకి దిగారు. బిగుసుకున్న దవడ, పొడుచుకొచ్చిన కళ్ళు... దీనికి "సైకిలు ముఖం" అని పేరు పెట్టారు. గర్భాశయం చెడుతుందని, పిల్లలు పుట్టరని పత్రికల్లో రాశారు. ఆ భాషంతా మా నాయనమ్మకెలా తెలిసిందో! ఆవిడ ఒక్క ఇంగ్లీషు ముక్క చదవలేదు. పితృస్వామ్యానికి అనువాదకులు అవసరం లేదు కాబోలు.

1897 మే నెలలో కేంబ్రిడ్జిలో ఆడవాళ్ళకి డిగ్రీలివ్వాలా వద్దా అని ఓటింగు జరిగింది. వ్యతిరేకించిన మగ విద్యార్థులు వీధిలో ఒక దిష్టిబొమ్మని వేలాడదీశారు. ఆ బొమ్మ చేతిలో పుస్తకం పెట్టలేదు, దాన్ని సైకిలు మీద కూర్చోబెట్టారు. వాళ్ళ భయమేమిటో వాళ్ళకి బాగా తెలుసు. కేంబ్రిడ్జిలో ఆడవాళ్ళకి పూర్తి డిగ్రీ హక్కు 1948లో గానీ రాలేదు.

అదే కాలంలో కదలొద్దనడమే వైద్యంగా ఉండేది. 1887లో చార్లెట్ పెర్కిన్స్ గిల్మన్‌కి వేర్ మిచెల్ అనే పేరుమోసిన డాక్టరు విశ్రాంతి చికిత్స ఇచ్చాడు. ఇంటిపట్టున ఉండమన్నాడు, కలం ముట్టొద్దన్నాడు. ఆ అనుభవంలోంచే 1892లో "ది యెల్లో వాల్‌పేపర్" కథ వచ్చింది. క్లాసులో ఈ కథ చెప్పేటప్పుడు నా గొంతు ఎప్పుడూ ఒక మెట్టు పైకి వెళ్ళేది.

ఇప్పుడు నన్ను కూర్చోమన్న డాక్టరు వేర్ మిచెల్ కాదు. ఆవిడ చెప్పింది నిజం. నాయనమ్మ చెప్పింది అబద్ధం. కానీ రెండూ నా చెవిన పడింది ఒకే మాటగా: "వద్దు". అబద్ధపు నిషేధాలని ధిక్కరించడమే జీవితంగా పెట్టుకున్న మనిషి నిజమైన హద్దు ఎదురైనప్పుడు ఏం చెయ్యాలి? దీనికి నా స్త్రీవాదం దగ్గర జవాబు లేదు. మొదటి ఆరు నెలలు నేను ధిక్కరించాను కూడా. ఎవరికీ చెప్పకుండా రెండుసార్లు సైకిలు తీశాను. రెండోసారి ఆటో కింద పడబోయి తప్పించుకున్నాను. ఆ ఆటో నడిపే అబ్బాయి నాకంటే ఎక్కువ వణికిపోయాడు. నా తిరుగుబాటుకి మూల్యం అతను కూడా చెల్లించాల్సి వచ్చేదని అప్పుడు అర్థమైంది.

తర్వాత కోపం మనుషుల మీదికి మళ్ళింది. "కారుందిగా మేడమ్" అని ఓదార్చిన వాళ్ళ మీద, "వాకింగ్ చెయ్యొచ్చుగా" అన్న వాళ్ళ మీద. మగవాడు రోజూ ఆడే ఆట మోకాలి నొప్పితో మానేస్తే అయ్యో అంటారు. యాభై దాటిన ఆడది సైకిలు మానేస్తే బుద్ధొచ్చిందంటారు. పోయింది పోయినట్టుగా ఎవరూ ఒప్పుకోకపోతే ఏడవడానికి కూడా చోటుండదు.

ఆ రోజుల్లో ఫ్రాన్సెస్ విల్లార్డ్ పుస్తకం మళ్ళీ తీశాను. 1895లో అచ్చయిన "ఎ వీల్ వితిన్ ఎ వీల్". అమెరికాలో మద్యపాన వ్యతిరేక స్త్రీల సంఘానికి 1879 నుంచి అధ్యక్షురాలు ఆవిడ. పదహారో ఏట పొడుగు పావడాలు తొడిగి తన పరుగుని ఆపేశారని రాసుకుంది. తల్లి చనిపోయి, ఆరోగ్యం దెబ్బతిని, ఇంగ్లండులో స్నేహితురాలి దగ్గరున్న రోజుల్లో సైకిలు నేర్చుకుంది. అప్పుడావిడ వయసు 53. ఆవిడ మొదలుపెట్టిన వయసులో నేను ఆపేశాను. ఆ అంకె చూసి పుస్తకం విసిరికొట్టాలనిపించింది.

కానీ ఈసారి చదివితే మునుపు నా కంట పడనివి కనిపించాయి. నేనిన్నాళ్ళూ దాన్ని ఒంటరి స్త్రీ విజయగాథగా పాఠం చెప్పాను. పుస్తకం నిండా ఉన్నవి చేతులు. మొదట ముగ్గురు కుర్రాళ్ళు సైకిలుని కదలకుండా పట్టుకుంటే ఆవిడ భయంభయంగా సీటెక్కింది. తర్వాత మరికొందరు పట్టుకున్నారు. రోజుకి సగటున పావుగంట చొప్పున మూడు నెలలు పట్టింది. తొక్కడం, మలుపు తిప్పడం, దిగడం, చివరికి ఎవరి సాయం లేకుండా ఎక్కడం. ఆవిడ లెక్క దాచలేదు, సాయాన్నీ దాచలేదు. దాచింది నేను, నా పాఠంలో. పడిపోయే శరీరం, పట్టుకునే చేతులు నా విముక్తి కథకి అడ్డమనిపించి ఉంటాయి.

నేను వదిలేసిన వాళ్ళు ఇంకా ఉన్నారు. అమెరికాలోని జాతీయ సైకిలు సంఘం 1894లో నల్లవాళ్ళకి సభ్యత్వం లేదని నియమం పెట్టుకుంది. మరుసటి ఏడు కిటీ నాక్స్ అనే బోస్టన్ యువతి, కుట్టుపని చేసుకునే మిశ్రమ జాతి అమ్మాయి, తన సభ్యత్వ కార్డుతో ఆ సంఘం సభలకే వెళ్ళి నిలబడింది. విల్లార్డ్ గొప్పదే. కానీ నల్లవాళ్ళ గురించి ఆవిడ అన్న మాటలని ఐడా బి. వెల్స్ ఆ కాలంలోనే నిలదీసింది. సైకిలు స్వేచ్ఛ అన్నప్పుడు ఎవరి స్వేచ్ఛ అని అడగడం దళిత స్త్రీలూ ముస్లిం స్త్రీలూ మనకి ఎప్పుడో నేర్పారు. ఎలాంటి శరీరానికి అని అడగడం మాత్రం, నా శరీరం దెబ్బతినే దాకా నాకు తోచలేదు.

మనకు దగ్గరి చరిత్ర పుదుక్కోట్టైది. 1990ల మొదట్లో ఆ తమిళ జిల్లాలో అరివొళి ఇయక్కం అనే అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా పల్లెటూరి ఆడవాళ్ళు వేలమంది సైకిలు నేర్చుకున్నారు. అప్పటి కలెక్టరు షీలా రాణీ చుంకత్ దానికి ఊతమిచ్చారు. 1992 మహిళా దినోత్సవం నాడు 1500 మందికి పైగా ఆడవాళ్ళు సైకిళ్ళ మీద ఊరేగారని పి. సాయినాథ్ రాశారు. అవే రోజుల్లో నెల్లూరు జిల్లాలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్ళే దూబగుంటలో సారాకి ఎదురు తిరిగారు. అక్కడ అక్షరం సైకిలెక్కించింది, ఇక్కడ సారా కొట్టుని మూయించింది. 1993లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. విల్లార్డ్ ఒక్క జీవితంలో కలిసిన సైకిలూ మద్యపాన వ్యతిరేకతా వందేళ్ళ తర్వాత పక్కపక్క రాష్ట్రాల్లో పేద స్త్రీల చేతుల్లో మళ్ళీ కనిపించాయి.

పుదుక్కోట్టై గురించి సాయినాథ్ చెప్పిన చిన్న సంగతి ఒకటుంది. ఆడవాళ్ళ సైకిళ్ళు దొరక్క మగవాళ్ళ సైకిళ్ళు కొన్నారు. తీరా చూస్తే కొందరికి అవే నచ్చాయి, ముందు కడ్డీ మీద బిడ్డని కూర్చోబెట్టుకోవచ్చని. నా చిన్నప్పుడు నాకు అడ్డమైన ఆ కడ్డీయే వాళ్ళకి బిడ్డ కూర్చునే చోటయింది. పిల్లల్నీ, నీళ్ళ బిందెల్నీ, అమ్ముకునే సరుకునీ మోసుకుపోయిన సైకిళ్ళవి. వాటి మీద వెళ్ళిన వాళ్ళందరూ తొక్కిన వాళ్ళు కారు. ముందు కడ్డీ మీదా వెనక క్యారియర్ మీదా కూర్చున్న వాళ్ళు కూడా ఊరు దాటారు.

పోయినేడు ఫిజియోథెరపీ చేసే అమ్మాయి మెల్లగా అడిగింది, "మూడు చక్రాల సైకిలు ఆలోచించారా, ఆంటీ?" నాకు మొహం మాడిపోయింది. నా కళ్ళ ముందుకొచ్చినవి బస్టాండు దగ్గర చేత్తో తిప్పుకుంటూ వెళ్ళే మూడు చక్రాల బళ్ళు. వాళ్ళలో ఒకదాన్నా నేను? ఆ ప్రశ్న నాకు నేను వేసుకున్నాక సిగ్గు పుట్టింది. నలభై ఏళ్ళుగా నేను తొక్కిన సైకిలు స్వేచ్ఛ అయితే, వాళ్ళు తిప్పుకునే బండి ఎందుకు కాలేదు? వాళ్ళు కూడా ఇల్లు దాటి వీధిలోకి వచ్చిన వాళ్ళే కదా!

విడ్డూరమేమిటంటే, ఆడవాళ్ళ సైకిలు చరిత్ర మూడు చక్రాలతో మొదలైంది కూడా. 1880లలో మర్యాదస్తుల ఇళ్ళ ఆడవాళ్ళకి తగినదని ఒప్పుకున్నది మూడు చక్రాల సైకిలునే. 1881లో విక్టోరియా రాణి రెండు తెప్పించుకుంది. దాంతో దానికి ఇంకా గౌరవం పెరిగింది. తర్వాత రెండు చక్రాలెక్కిన స్త్రీలు ఆ మర్యాదని దాటి వచ్చారు. రాణి తెప్పించుకున్నప్పుడు గౌరవం, కాళ్ళు లేనివాళ్ళు వాడితే జాలి. బండి మారలేదు, చూసే కళ్ళు మారాయి. అందులో నా కళ్ళు కూడా ఉన్నాయి.

ఇప్పుడు నా దగ్గర మూడు చక్రాల సైకిలుంది. రోడ్డు మీదికి తీసుకెళ్ళను. కాలనీ లోపలే, బళ్ళు తిరగని వేళ, ఒంట్లో బాగున్న రోజు మాత్రమే. దాన్ని మలుపు తిప్పడం నేర్చుకోడానికి చాలా రోజులు పట్టింది. అలవాటు కొద్దీ ఒళ్ళు పక్కకి వంచుతాను, అది వంగదు. పక్కన ఎవరో ఒకరు నడుస్తారు, మా అమ్మాయో, ఎదురింటి ఆవిడో. తల తిరుగుతున్నట్టనిపిస్తే బ్రేకు నొక్కి కూర్చుంటాను, అది పడిపోదు. పాత సైకిలు మీద ఉన్న గాలి, వేగం, ఒంటరితనం దీని మీద లేవు. పోయినవి పోయాయి. వాటి గురించి నాకు ఇంకా కోపముంది, ఉండనిస్తున్నాను.

మొన్న మేనత్త మళ్ళీ ఫోన్ చేసినప్పుడు చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "వెనకాల బుట్ట ఉంటుందటగా, మనిషి కూర్చోవచ్చా?" అనడిగింది. కూర్చోవచ్చన్నాను. సంక్రాంతికి వస్తానంది.