యూనిట్ – 9: ఆస్పత్రి పాలకమండలిలో పౌరులు – స్వచ్ఛంద పాలన చరిత్ర

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 ఇంగ్లండులో చందాదారుల ఆస్పత్రులు
9.3 ఫిలడెల్ఫియా ప్రయోగం, 1751
9.4 మేనేజర్ల పనితీరు
9.5 దాతల నుంచి సమాజానికి
9.6 బాధ్యతను గుర్తుచేసిన రెండు తీర్పులు
9.7 పాలకమండలిలో రోగులు
9.8 మన ప్రాంతంలో పరిస్థితి
9.9 సారాంశం
9.10 నమూనా పరీక్షా ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తర్వాత మీరు:
• స్వచ్ఛంద ఆస్పత్రుల పాలనలో సాధారణ పౌరులకు స్థానం ఎలా లభించిందో వివరించగలుగుతారు.
• పెన్సిల్వేనియా ఆస్పత్రి స్థాపనలోని ప్రత్యేకతను విశ్లేషించగలుగుతారు.
• దాతకూ, రోగికీ, పాలకమండలికీ మధ్య సంబంధం కాలక్రమంలో ఎలా మారిందో గుర్తించగలుగుతారు.
• పాలకమండలి సభ్యుల చట్టబద్ధ బాధ్యతను అంచనా వేయగలుగుతారు.

9.1 పరిచయం

లాభాపేక్ష లేని ఆస్పత్రికి యజమాని అంటూ ఎవరూ ఉండరు. వాటాదారులు ఉండరు, మిగులును పంచుకునేవారు ఉండరు. అలాంటప్పుడు ఆ సంస్థ తరఫున నిర్ణయాలు ఎవరు తీసుకోవాలి? డబ్బు సక్రమంగా ఖర్చవుతున్నదో లేదో ఎవరు చూడాలి? వైద్యుడి పనిని ప్రశ్నించే అధికారం ఎవరికి ఉండాలి? ఈ ప్రశ్నలకు పద్దెనిమిదో శతాబ్దంలో దొరికిన సమాధానం పాలకమండలి. ఊళ్లోని వర్తకులు, వృత్తిదారులు, మతపెద్దలు జీతం తీసుకోకుండా ఆస్పత్రిని నడిపించే పద్ధతి అప్పుడే స్థిరపడింది. వీరిలో ఎక్కువమందికి వైద్యం తెలియదు. వైద్యం తెలియనివారు వైద్యశాలను ఎలా పాలించగలరన్న సందేహం ఆనాడూ ఉంది, ఈనాడూ ఉంది. ఈ యూనిట్‌లో ఆ పద్ధతి పుట్టుకనూ, అది ఎదుర్కొన్న పరీక్షలనూ పరిశీలిద్దాం.

9.2 ఇంగ్లండులో చందాదారుల ఆస్పత్రులు

మధ్యయుగాల్లో ఐరోపాలోని ఆస్పత్రులు ఎక్కువగా మఠాలకు అనుబంధంగా ఉండేవి. ఇంగ్లండులో 1530లలో ఎనిమిదో హెన్రీ రాజు మఠాలను రద్దు చేయడంతో అవి చాలావరకు మూతపడ్డాయి. ఆ లోటును తీర్చడానికి పద్దెనిమిదో శతాబ్దంలో కొత్త తరహా సంస్థలు వచ్చాయి. లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ ఆస్పత్రి (1720), వించెస్టర్ కౌంటీ ఆస్పత్రి (1736) వీటిలో ముఖ్యమైనవి. వీటికి ఆధారం ఏటేటా పౌరులు చెల్లించే చందాలు. నిర్ణీత మొత్తం చెల్లించినవారికి పాలనలో పాల్గొనే హక్కు లభించేది.

ఈ హక్కుతోపాటు మరో అధికారం కూడా చందాదారుడికి దక్కింది. అదే సిఫారసు లేఖ. బీద రోగి ఆస్పత్రిలో చేరాలంటే సాధారణంగా ఒక చందాదారుడి లేఖ తెచ్చుకోవాలి. అంటే జబ్బు తీవ్రత ఎంత అన్నదానికన్నా, లేఖ ఇచ్చే పెద్దమనిషి తెలుసా లేదా అన్నది ముఖ్యమయ్యేది. 1828లో విలియం మార్స్‌డెన్ అనే వైద్యుడు సిఫారసు లేఖ అవసరంలేని వైద్యశాలను లండన్‌లో ప్రారంభించాడు. అదే తరవాత రాయల్ ఫ్రీ ఆస్పత్రిగా ప్రసిద్ధి చెందింది. దానం చేసినవాడికి అధికారం ఇస్తే దానం పొందేవాడి స్థితి ఏమిటన్న సమస్య ఈ వ్యవస్థలో మొదటినుంచీ ఉందని మీరు గమనించాలి.

9.3 ఫిలడెల్ఫియా ప్రయోగం, 1751

అమెరికా అప్పటికి బ్రిటిష్ వలస. ఫిలడెల్ఫియా రేవుపట్టణం వేగంగా పెరుగుతున్నది. బీద రోగులకూ, మతిస్థిమితం లేనివారికీ అక్కడ సరైన ఆశ్రయం లేదు. ఐరోపాలో చదువుకుని వచ్చిన థామస్ బాండ్ అనే వైద్యుడు ఆస్పత్రి స్థాపించాలని తలపెట్టి చందాల కోసం తిరిగాడు. అడిగిన ప్రతిచోటా ఆయనకు ఎదురైన ప్రశ్న ఒకటే: ఈ విషయమై బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఏమంటున్నాడు? చివరికి బాండ్ ఫ్రాంక్లిన్ దగ్గరికే వెళ్లాడు. ఫ్రాంక్లిన్ తాను చందా ఇవ్వడమేకాక, తన పత్రికలో రాసి ప్రజల్లో ఆసక్తి కలిగించాడు.

చందాలు మాత్రమే చాలవని తేలడంతో ఫ్రాంక్లిన్ వలస శాసనసభను ఆశ్రయించాడు. గ్రామీణ ప్రాంతాల సభ్యులు అభ్యంతరం చెప్పారు. ఆస్పత్రి వల్ల పట్టణానికే లాభమని, కాబట్టి పట్టణవాసులే ఖర్చు భరించాలని వారి వాదన. పట్టణవాసులు అంత డబ్బు ఇస్తారన్న నమ్మకం కూడా వారికి లేదు. ఫ్రాంక్లిన్ ఈ అపనమ్మకాన్నే ఆధారం చేసుకున్నాడు. ప్రజలు ముందుగా 2,000 పౌండ్లు పోగుచేస్తేనే శాసనసభ మరో 2,000 పౌండ్లు ఇవ్వాలన్న షరతుతో బిల్లు తయారుచేశాడు. ఆ మొత్తం ఎన్నటికీ పోగవదనుకున్న సభ్యులు, ఖర్చు లేకుండానే దాతలమన్న పేరు వస్తుందని ఒప్పుకున్నారు. మరోపక్క, తామిచ్చే ప్రతి పౌండుకూ ప్రభుత్వం మరో పౌండు కలుపుతుందన్న ఆశతో పౌరులు ధారాళంగా చందాలిచ్చారు. అనుకున్న మొత్తం దాటిపోయింది. 1751 మే 11న శాసనం ఆమోదం పొందింది.

ఈ శాసనంలోని పాలనా విధానం ముఖ్యమైనది. దాని ప్రధానాంశాలు ఇవి:

అ) 10 పౌండ్లు లేక అంతకు మించి ఇచ్చిన ప్రతి విరాళదారుకూ ఓటు హక్కు ఉంటుంది.
ఆ) విరాళదారులు ఏటా మే నెలలో సమావేశమై తమలోనుంచి 12 మంది మేనేజర్లనూ, ఒక కోశాధికారినీ ఎన్నుకుంటారు.
ఇ) మూలధనాన్ని ఖర్చు చేయరాదు. దానిపై వచ్చే వడ్డీని మాత్రమే రోగుల కోసం వినియోగించాలి.
ఈ) లెక్కలను శాసనసభ నియమించిన పరిశీలకులకు చూపించాలి, సంగ్రహాన్ని పత్రికలో ప్రకటించాలి.

చివరి రెండు అంశాలను జాగ్రత్తగా గమనించండి. మేనేజర్లు పేరున్న పెద్దమనుషులే అయినా, వారి మంచితనంపైనే భారం వేయకుండా శాసనం వారికి కట్టుబాట్లు విధించింది. ప్రజాధనం, ప్రైవేటు విరాళం, ఎన్నికైన మండలి, బహిరంగమైన లెక్క అనే నాలుగూ ఒకేచోట కలిసిన తొలి అమెరికన్ ఉదాహరణల్లో ఇది ఒకటి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
(i) సిఫారసు లేఖ పద్ధతి వల్ల బీద రోగికి కలిగిన ఇబ్బంది ఏమిటి?
(ii) ఫ్రాంక్లిన్ బిల్లులోని షరతు ఇరుపక్షాలనూ ఎలా ఒప్పించింది?

9.4 మేనేజర్ల పనితీరు

మొదటి మండలికి జాషువా క్రాస్బీ అధ్యక్షుడు. ఫ్రాంక్లిన్ కార్యదర్శిగా పనిచేసి, 1755లో అధ్యక్షుడయ్యాడు. మేనేజర్లలో క్వేకర్ మతశాఖకు చెందిన వర్తకులు ఎక్కువ. సొంత భవనం ఏర్పడేవరకు మార్కెట్ వీధిలో ఒక ఇల్లు అద్దెకు తీసుకుని, 1752 ఫిబ్రవరిలో తొలి రోగులను చేర్చుకున్నారు. 1755లో కొత్త భవనానికి శంకుస్థాపన జరిగింది. 1756 చివరికి రోగులను అక్కడికి మార్చారు.

మేనేజర్ల పదవి అలంకారప్రాయం కాదు. నెలనెలా సమావేశం జరిగేది. రానివారికీ, ఆలస్యంగా వచ్చినవారికీ జరిమానా ఉండేది. వంతులవారీగా కొందరు మేనేజర్లు వైద్యులతో కలిసి ఆస్పత్రికి వచ్చి, రోగుల చేరికనూ విడుదలనూ నిర్ణయించేవారు. థామస్ బాండ్, ఫినియస్ బాండ్, లాయిడ్ జకారీ అనే ముగ్గురు వైద్యులు తొలి సంవత్సరాల్లో జీతం లేకుండా పనిచేశారు. నయంకాని వ్యాధులున్నవారిని, మతిస్థిమితం లేనివారిని మినహాయించి, చేర్చుకోరాదన్నది నియమం. ప్రమాదంలో గాయపడినవారికి మాత్రం నియమాలు సడలించేవారు. ఖాళీ ఉంటే డబ్బు చెల్లించే రోగులను కూడా తీసుకునేవారు. ఆ ఆదాయం బీద రోగులకే ఉపయోగపడేది.

అయితే ఈ పాలనకు మరో పార్శ్వం కూడా ఉంది. మానసిక రోగులను ఆస్పత్రి నేలమాళిగలోని గదుల్లో ఉంచేవారు. వారిని వింతగా చూడటానికి జనం గుంపులుగా వచ్చేవారు. 1760లలో మేనేజర్లు ఇలాంటి సందర్శకులకు ప్రవేశ రుసుము విధించారు. జనాన్ని అదుపు చేయడానికి అది తోడ్పడి ఉండవచ్చు. కానీ రోగి బాధ వినోదంగా మారిందన్న అసలు సమస్యను అది తొలగించలేదు. 1789లో వైద్యుడు బెంజమిన్ రష్, ఆ గదుల చలి, తేమ రోగులకు హాని చేస్తున్నాయని మేనేజర్లకు లేఖ రాశాడు. తరవాతి సంవత్సరాల్లో శాసనసభ సాయంతో మానసిక రోగుల కోసం ప్రత్యేక భవనభాగం నిర్మించారు. లెక్కల్లో ఎంతో జాగ్రత్త చూపిన మండలికి, తన కాళ్లకిందే ఉన్న గదుల స్థితి పట్టించుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. రోగి గొంతు మండలిలో లేకపోవడమే దీనికి ముఖ్యకారణమని చెప్పవచ్చు.

9.5 దాతల నుంచి సమాజానికి

పందొమ్మిదో శతాబ్దం చివరికి ఆస్పత్రుల ఖర్చు పెరిగింది. మత్తుమందు, క్రిమిరహిత శస్త్రచికిత్స, ఎక్స్‌రే వంటివి వచ్చాక కొద్దిమంది ధనికుల చందాలు చాలలేదు. ఇంగ్లండులో కార్మికులు తమ వారపు జీతంలోనుంచి కొద్దికొద్దిగా ఆస్పత్రులకు చెల్లించే పథకాలు 1870ల నుంచి వ్యాపించాయి. డబ్బు ఇచ్చినవారు పాలనలో భాగం అడగడం సహజం. అనేక పారిశ్రామిక పట్టణాల్లో కార్మిక ప్రతినిధులకు పాలకమండలిలో స్థానం లభించింది. దానం స్థానంలో హక్కు అనే భావన బలపడింది. చివరికి 1948 జూలై 5న జాతీయ ఆరోగ్య సేవ ప్రారంభం కావడంతో ఈ ఆస్పత్రులు ప్రభుత్వపరమయ్యాయి. పాత చందాదారుల మండళ్ల శకం అక్కడ ముగిసింది.

అమెరికా వేరే దారి పట్టింది. 1946లో వచ్చిన హిల్–బర్టన్ చట్టం ఆస్పత్రుల నిర్మాణానికి కేంద్ర నిధులు సమకూర్చింది. యాజమాన్యం మాత్రం చాలాచోట్ల స్థానిక స్వచ్ఛంద మండళ్ల చేతుల్లోనే ఉండిపోయింది. 1969లో అక్కడి పన్నుల శాఖ ఒక ముఖ్యమైన ఉత్తర్వు ఇచ్చింది. అంతకుముందు బీదలకు శక్తిమేరకు ఉచిత వైద్యం చేయడం పన్ను మినహాయింపుకు ప్రధాన ప్రమాణం. కొత్త ఉత్తర్వు సమాజానికి కలిగే మేలును ప్రమాణంగా తీసుకుంది. స్థానిక పౌరప్రముఖులతో కూడిన మండలి ఉండటం, అత్యవసర వైద్యం అందరికీ అందుబాటులో ఉండటం అందులో గమనించదగిన అంశాలు. పౌరుల మండలి ఉండటమే ఆస్పత్రి సమాజానికి చెందిందనడానికి ఒక సాక్ష్యంగా మారింది.

9.6 బాధ్యతను గుర్తుచేసిన రెండు తీర్పులు

సభ్యులు జీతం తీసుకోనివారు, సేవాభావంతో వచ్చినవారు. తప్పు జరిగితే వారిని ప్రశ్నించవచ్చా? రెండు అమెరికన్ కేసులు ఈ ప్రశ్నకు సమాధానమిచ్చాయి.

(అ) డార్లింగ్ కేసు (1965): 1960లో ఇల్లినాయ్ రాష్ట్రంలో ఒక కళాశాల విద్యార్థికి ఫుట్‌బాల్ ఆటలో కాలు విరిగింది. చార్ల్స్‌టన్ పట్టణంలోని ఆస్పత్రిలో వైద్యుడు కాలికి పిండికట్టు వేశాడు. కాలివేళ్లు వాచి, నల్లబడి, చల్లబడి, స్పర్శ కోల్పోయాయి. చివరికి మోకాలి కింద కాలు తొలగించాల్సి వచ్చింది. వైద్యం వైద్యుడి పని, తాము వసతి మాత్రమే కల్పిస్తామన్న ధోరణిలో ఆస్పత్రి వాదించింది. రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని అంగీకరించలేదు. నర్సులు ప్రమాద సూచనలను గమనించి పైవారికి తెలిపేలా చూడటం, అవసరమైతే మరో వైద్యుడి సలహా తీసుకునేలా చేయడం సంస్థ బాధ్యతేనని తేల్చింది. ఆస్పత్రి సొంత నియమావళినే అందుకు సాక్ష్యంగా పరిగణించవచ్చని చెప్పింది. చికిత్స నాణ్యత తమకు సంబంధించిన విషయం కాదని పాలకమండళ్లు ఇక అనలేకపోయాయి.

(ఆ) సిబ్లీ ఆస్పత్రి కేసు (1974): వాషింగ్టన్‌లోని ఈ ఆస్పత్రి ట్రస్టీలపై రోగులే దావా వేశారు. నియమావళి ప్రకారం ఉండాల్సిన ఆర్థిక కమిటీ 1971 వరకు సమావేశమే కాలేదు. నిజానికి ఆర్థిక నిర్ణయాలన్నీ ఇద్దరు అధికారుల చేతుల్లో సాగాయి. ఆస్పత్రి నిధుల్లో పెద్ద మొత్తాలు కొందరు ట్రస్టీలకు సంబంధమున్న బ్యాంకుల్లో వడ్డీ లేకుండానో, తక్కువ వడ్డీకో ఉండిపోయాయి. ట్రస్టీలు తమ పర్యవేక్షణ బాధ్యతను ఉల్లంఘించారని న్యాయమూర్తి గెసెల్ తీర్పు చెప్పాడు. వారిని పదవులనుంచి తొలగించలేదు, నష్టపరిహారం విధించలేదు. కానీ స్వప్రయోజన సంబంధాలను వెల్లడించాలని, ఆర్థిక వ్యవహారాలను క్రమంగా సమీక్షించాలని, కొత్తగా వచ్చే ట్రస్టీలు ఈ తీర్పును చదవాలని ఆదేశించాడు.

మొదటి కేసు రోగి శరీరానికి సంబంధించినది, రెండోది రోగి చెల్లించే డబ్బుకు సంబంధించినది. జీతం తీసుకోకపోవడం బాధ్యత లేకపోవడం కాదన్న సూత్రం రెండింటిలోనూ ఉంది. 1751 శాసనం లెక్కలు ప్రకటించమన్నప్పుడు చెప్పినది కూడా ఇదే.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
(i) డార్లింగ్ కేసులో ఆస్పత్రి వాదనను కోర్టు ఎందుకు తిరస్కరించింది?
(ii) సిబ్లీ కేసులో ట్రస్టీల లోపం ఏమిటి?

9.7 పాలకమండలిలో రోగులు

పైన చెప్పిన మండళ్లలో కూర్చున్నవారు ఎక్కువగా పలుకుబడి ఉన్నవారే. 1960లలో పౌరహక్కుల ఉద్యమం, పేదరిక నిర్మూలన కార్యక్రమాల ప్రభావంతో కొత్త ఆలోచన వచ్చింది. జాక్ గైగర్, కౌంట్ గిబ్సన్ అనే వైద్యులు 1965లో బోస్టన్‌లోని కొలంబియా పాయింట్ బస్తీలో, తరవాత మిసిసిపీ రాష్ట్రంలోని మౌండ్ బేయూలో సామాజిక ఆరోగ్య కేంద్రాలు ప్రారంభించారు. ఏది అవసరమో నిర్ణయించడంలో అక్కడి పేద ప్రజలు భాగస్వాములయ్యారు. మౌండ్ బేయూలో ఆకలితో ఉన్న కుటుంబాలకు మందుల చీటీపై ఆహారం రాసి ఇవ్వడం ప్రసిద్ధి చెందిన ఉదాహరణ.

1975 చట్టం ప్రకారం కేంద్ర నిధులు పొందే ఇలాంటి కేంద్రాల పాలకమండలిలో సగానికి మించి సభ్యులు అక్కడ వైద్యం పొందేవారే అయి ఉండాలి. ఇవి ఆస్పత్రులు కావు, ప్రాథమిక వైద్య కేంద్రాలు. అయినా చరిత్ర దృష్టిలో ఇది పెద్ద మార్పు. ఫిలడెల్ఫియాలో ఓటు హక్కుకు 10 పౌండ్ల విరాళం కావాలి. ఇక్కడ రోగి అయి ఉండటమే అర్హత.

9.8 మన ప్రాంతంలో పరిస్థితి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో లాభాపేక్ష లేని ఆస్పత్రులు ట్రస్టులుగానో, సొసైటీలుగానో నమోదై ఉంటాయి. ఆంధ్ర ప్రాంతంలోని సొసైటీలకు మొదట 1860 నాటి కేంద్ర చట్టం వర్తించేది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2001లో సొంత సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం చేసుకుంది. ప్రభుత్వ ఆస్పత్రుల విషయం వేరు. 2005లో ప్రారంభమైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ కింద రోగి కల్యాణ సమితులు దేశమంతటా విస్తరించాయి. మన ప్రాంతంలో ఆస్పత్రి అభివృద్ధి సొసైటీల పేరు ఎక్కువగా వింటాం. వీటిలో అధికారులు, ప్రజాప్రతినిధులతోపాటు స్థానిక పౌరులకు కూడా చోటు ఉంటుంది.

ఈ సమితులను ఫిలడెల్ఫియా మేనేజర్లతో పూర్తిగా పోల్చకూడదు. ఆ మేనేజర్లను విరాళదారులు ఎన్నుకునేవారు, ఆస్పత్రి పూర్తిగా వారి చేతిలో ఉండేది. మన సమితులు ప్రభుత్వ యంత్రాంగంలో భాగం. అయినా వీటిని పరిశీలించేటప్పుడు ఈ యూనిట్‌లోని ప్రశ్నలే వేయవచ్చు. సమావేశాలు క్రమంగా జరుగుతున్నాయా? లెక్కలు ప్రజలకు తెలుస్తున్నాయా? చీటీ కోసం వరుసలో నిలబడేవారి తరఫున మాట్లాడేవారు అక్కడ ఉన్నారా?

9.9 సారాంశం

స్వచ్ఛంద ఆస్పత్రుల పాలకమండలి దాతల సంఘంగా మొదలైంది. 1751 నాటి పెన్సిల్వేనియా శాసనం దానికి ఎన్నికలు, లెక్కల ప్రకటన అనే కట్టుబాట్లు కల్పించింది. ఆ మండలి సంస్థను నిలబెట్టింది, కానీ మానసిక రోగుల స్థితిని గుర్తించడంలో వెనకబడింది. ఇంగ్లండులో కార్మికుల చందాలు, అమెరికాలో ప్రభుత్వ నిధులు పాలనలో సమాజం పాత్రను పెంచాయి. డార్లింగ్, సిబ్లీ తీర్పులు సేవాభావానికి పర్యవేక్షణ బాధ్యతను జోడించాయి. 1975 చట్టం ఆరోగ్య కేంద్రాల్లో రోగులకే ఆధిక్యం ఇచ్చింది. వైద్యం తెలియని పౌరుడు వైద్యుడికి చికిత్స నేర్పలేడు. అయితే ఎవరిని చేర్చుకున్నారు, ఎవరిని తిప్పి పంపారు, డబ్బు ఎక్కడికి పోయింది, హాని జరిగితే ఎవరికి తెలిసింది అని అడగగలడు. అలా అడగడమే మండలిలో అతని పని అని ఈ చరిత్ర తెలియజేస్తుంది.

9.10 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. పెన్సిల్వేనియా ఆస్పత్రి స్థాపననూ, దాని పాలనా విధానాన్నీ వివరించండి.
2. పాలకమండలి సభ్యుల బాధ్యత విషయంలో డార్లింగ్, సిబ్లీ కేసుల ప్రాముఖ్యాన్ని చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. చందాదారుల సిఫారసు లేఖల పద్ధతిని విమర్శించండి.
2. 1969 పన్నుల ఉత్తర్వు వల్ల వచ్చిన మార్పు ఏమిటి?
3. మీకు దగ్గరలోని ఆస్పత్రి అభివృద్ధి సొసైటీలో సభ్యులు ఎవరో తెలుసుకుని, దాని పనితీరును ఫిలడెల్ఫియా మేనేజర్ల పనితీరుతో పోల్చండి.