రాత్రి రెండున్నర ఫ్లైట్... ఒక్కరోజు ఓవర్‌స్టే!

నాంపల్లి స్టేషన్ నుంచి ఆబిడ్స్ దాకా నడవండి, ట్రావెల్స్ బోర్డుల మీద దుబాయ్ విజిట్ వీసా కనబడుతుంది. చిక్కంతా తిరుగు టికెట్ దగ్గరే. వీసా పదో తారీఖుతో అయిపోతుంది. ఆ రాత్రి రెండున్నర ఫ్లైట్ అంటే, అప్పటికే పదకొండు!

అక్కడ 2022 నుంచి ఓవర్‌స్టే ఫైన్ రోజుకు 50 దిర్హమ్‌లు. ఒక్కరోజుకైతే కట్టేస్తాం. కానీ విజిట్ వీసా మీద వెళ్లి, పని కోసం తిరుగుతూ ఏళ్లకేళ్లు ఉండిపోయిన మనవాళ్లకి? అది కొండంత అప్పు. ఇంటికి రావాలన్నా రాలేరు.

అందుకే యూఏఈ 1996, 2003, 2007, 2012, 2018, 2024లో క్షమాభిక్ష పెట్టింది. 2024లో రెండు నెలలే అన్నారు, డిసెంబర్ 31 దాకా పొడిగించారు. అంతమంది మిగిలిపోయారన్నమాట!

టికెట్ బుక్ చేసేముందు తారీఖు ఒక్కసారి లెక్కేసుకోండి. ఉంటా మరి!